తుంటి ఇంపింజ్‌మెంట్ – చరిత్ర

తొడ ఎముక తల, మెడ కలిసే చోటగానీ, ఆ తల ఇమిడే తుంటి గిన్నె అంచునగానీ ఎముక మితిమీరి ఉండి, కాలు మడిచినప్పుడు రెండూ ఒరుసుకోవడాన్ని తుంటి ఇంపింజ్‌మెంట్ అంటారు. గొంతుక్కూర్చున్నప్పుడు, తక్కువ ఎత్తు కుర్చీలో చాలాసేపు కూర్చుని లేచినప్పుడు గజ్జలో నొప్పి వస్తుంది. దోషం తొడ ఎముకదైతే క్యామ్ రకం, గిన్నెదైతే పిన్సర్ రకం. రెండూ కలిసి ఉండటమూ సాధారణమే.

తుంటి కీలు అరుగుదలను వైద్యులు చాలాకాలం ముసలితనం ఖాతాలోనే వేశారు. అమెరికాలోని బోస్టన్‌లో పనిచేసిన నార్వే సంతతి శస్త్రవైద్యుడు మారియస్ స్మిత్-పీటర్సన్ 1936లో వేరే మాట చెప్పాడు. తొడ ఎముక మెడ గిన్నె ముందు అంచుకు తగలడమే నొప్పికి మూలమని గుర్తించి, ఆ అంచును చెక్కి చికిత్స చేశాడు. కాలానికి ఎంతో ముందున్న ఆలోచన ఇది. 1965లో బ్రిటన్ రేడియాలజిస్టు ముర్రే, 1975లో అమెరికాలో స్టల్‌బర్గ్ బృందం అరిగిన కీళ్ల ఎక్స్‌రేల్లో తొడ ఎముక తల ఆకారం ముందునుంచే వంకరగా ఉందని గమనించారు. స్టల్‌బర్గ్ బృందం దానికి ‘పిస్టల్ గ్రిప్’ అని పేరు పెట్టింది.

ఈ పరిశీలనలకు సంపూర్ణ వివరణ ఇచ్చింది స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరం. గిన్నె లోతు చాలనివారికి అక్కడి శస్త్రవైద్యుడు రైన్‌హోల్డ్ గాంజ్ 1984 నుంచి గిన్నె చుట్టూ ఎముక కోసి, దాన్ని తిప్పి అమర్చేవాడు. ఆపరేషన్ తర్వాత కొందరికి గజ్జలో కొత్త నొప్పి మొదలైంది. తిప్పిన గిన్నె ముందు అంచు తొడ ఎముక మెడకు అడ్డొస్తోందని 1999లో ఈ బృందం ప్రకటించింది. సంగతి తేల్చుకోవాలంటే కీలును తెరిచి చూడాలి. కానీ తొడ ఎముక తలకు రక్తమిచ్చే ధమని తెగితే ఆ తల చచ్చిపోతుందన్న భయం వైద్యులను వెనక్కి లాగేది. గాంజ్ ఆ ధమని దారిని శ్రద్ధగా గుర్తించి, దాన్ని కాపాడే ఆబ్ట్యురేటర్ ఎక్స్‌టర్నస్ కండరాన్ని కదిలించకుండా, తొడ ఎముక పైమొనను కండరాలతో సహా పలకలా కోసి పక్కకు తిప్పి, తలను బయటికి తీసే పద్ధతి రూపొందించాడు. 2001లో 213 తుంటుల అనుభవాన్ని ప్రచురించాడు. ఒక్కదానిలోనూ ఎముక చావలేదు.

తెరిచిన కీలును మడిచి లోపలికి తిప్పితే జరిగేదంతా కంటికే కనిపించింది. క్యామ్ రకంలో తొడ ఎముకపైని బుడిపె గిన్నెలోకి దూరి, ముందు-పై భాగాన మృదులాస్థిని ఎముకనుంచి పొరలా ఊడదీస్తుంది. పిన్సర్ రకంలో మొదట నలిగేది గిన్నె అంచునున్న లాబ్రమ్ అనే మృదులాస్థి వలయం. ఆరు వందలకు పైగా శస్త్రచికిత్సల అనుభవంతో, ఇదే తుంటి అరుగుదలకు ఒక కారణమని గాంజ్ బృందం 2003లో ప్రతిపాదించింది. అంతకుముందు ఏడాదే నోట్జ్‌లీ బృందం బుడిపెను కొలిచే ఆల్ఫా కోణాన్ని ప్రవేశపెట్టింది.

ఈ ప్రతిపాదనను పెద్ద ఎత్తున పరీక్షించింది నెదర్లాండ్స్. తొలిదశ లక్షణాలున్నవారిని 5 ఏళ్లు గమనించిన ‘చెక్’ (CHECK) అనే అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. ఆల్ఫా కోణం 60 డిగ్రీలు దాటినచోట చివరిదశ అరుగుదల సంభావ్యతా నిష్పత్తి సుమారు 3.7, 83 డిగ్రీలు దాటితే 9.7. పెద్ద బుడిపెతోపాటు కాలు లోపలికి 20 డిగ్రీలకు మించి తిరగని తుంటుల్లో సగానికి పైగా ఆ దశకు చేరాయి. అయినా క్యామ్ ఉన్న తుంటుల్లో అత్యధికం ఆ గడువులో చెడలేదు. పిన్సర్ రకానికి ఇలాంటి సంబంధం కనబడలేదు. బుడిపె ఎదుగుదల వయసులోనే ఏర్పడుతుందని బాల ఫుట్‌బాల్ ఆటగాళ్లపై జరిగిన డచ్ పరిశోధనలు చూపాయి.

నిపుణుల 2016 వార్విక్ ఒప్పందం ప్రకారం లక్షణాలు, వైద్యుడి పరీక్షలో సూచనలు, ఎక్స్‌రే వంటి చిత్రాల్లో ఆధారం, ఈ మూడూ ఉంటేనే వ్యాధిగా నిర్ధారించాలి. ఎక్స్‌రేలో బుడిపె కనిపించినంత మాత్రాన రోగి కాడు. ఎంతో మేలైన నిబంధన ఇది. 348 మందితో బ్రిటన్‌లో జరిగిన ‘ఫ్యాషన్’ (FASHIoN) అనే పరీక్షలో (2018) కీహోల్ శస్త్రచికిత్స, వ్యాయామ చికిత్స రెండూ ఉపశమనమిచ్చాయి. ఏడాది తర్వాత నూరు పాయింట్ల కొలమానంలో శస్త్రచికిత్స 6.8 పాయింట్లు ముందుంది. అక్కడ ప్రధానంగా కొలిచింది ఏడాది తర్వాతి తుంటి సంబంధిత జీవన నాణ్యతనే. బుడిపె చెక్కితే పదేళ్ల తర్వాతి అరుగుదల ఆగుతుందని ఆ పరీక్ష నిరూపించలేదు.