మైలు పుట్టింది టెక్సాస్‌లో

1973 ఫిబ్రవరిలో డాలస్ నుంచి హ్యూస్టన్‌కు విమానం టికెట్ ఉన్నట్టుండి 13 డాలర్లకు పడిపోయింది. ఆ రెండు ఊళ్ల మధ్య నాలుగు వందల కిలోమీటర్లు కూడా ఉండవు. లేచిన విమానం గంటలో దిగిపోతుంది. ఆ దారిలో కొత్తగా తిరుగుతున్న సౌత్‌వెస్ట్ అనే చిన్న సంస్థను తుడిచిపెట్టాలని బ్రానిఫ్ అనే పెద్ద సంస్థ రేటును సగానికి కోసింది. అంత నష్టాన్ని భరించే డబ్బు సౌత్‌వెస్ట్ దగ్గర లేదు. అందుకని ఒక ఉపాయం పన్నింది. 13 డాలర్లిచ్చి ఎక్కండి, లేదా మామూలు రేటు 26 డాలర్లిచ్చి ఎక్కండి, మీ ఇష్టం అంది. 26 ఇచ్చినవారికి మాత్రం ఒక మద్యం సీసా ఉచితం. మందు ముట్టనివారికి ఐసు బకెట్టు.

చాలామంది 26 డాలర్లకే మొగ్గారు. వాళ్లు ఆఫీసు పని మీద తిరిగేవాళ్లు. టికెట్ డబ్బు కంపెనీ ఇస్తుంది, సీసా తమ ఇంటికి వెళ్తుంది. ఆ పోటీ నడిచిన రెండు నెలలూ టెక్సాస్‌లో కొన్ని పేరున్న మద్యం రకాలను అందరికన్నా ఎక్కువగా పంచింది ఒక విమాన సంస్థేనని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ రోజు ఎవరైనా విమాన ప్రయాణాలతో కూడబెట్టిన మైళ్లు ఖర్చుపెట్టి, గంట ప్రయాణానికి బిజినెస్ క్లాస్‌లో కూర్చుంటే, ఆ సీటుకు మూలం ఈ సీసాలో కనిపిస్తుంది నాకు. టికెట్ కొనేది ఒకరు, కానుక అందుకునేది మరొకరు. మైళ్ల వ్యాపారం మొత్తం ఈ కిటుకు మీదే నిలబడి ఉంది.

సౌత్‌వెస్ట్ అప్పట్లో టెక్సాస్ సరిహద్దు దాటేది కాదు కాబట్టే అలాంటి పోటీ సాధ్యమైంది. రాష్ట్రాల మధ్య ఎగిరే సంస్థలు ఏ దారిలో తిరగాలో, ఎంత వసూలు చేయాలో 1938 నాటి చట్టం కింద వాషింగ్టన్‌లోని సివిల్ ఏరోనాటిక్స్ బోర్డే చెప్పేది. ధర తగ్గించే స్వేచ్ఛ లేనందున సంస్థలు భోజనంలోనూ హంగుల్లోనూ పోటీపడేవి. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ చేసిన ఒక్క సంతకంతో ఆ పట్టు సడలింది. రేట్లు కూలాయి, కొత్త సంస్థలు పుట్టుకొచ్చాయి. నిన్నటిదాకా తమవాడే అనుకున్న ప్రయాణికుడు ఐదు డాలర్లు తక్కువైతే పక్క కౌంటరుకు వెళ్లిపోతున్నాడు. అతన్ని కట్టిపడేసేది ఏదో ఒకటి కావాలి.

1979లో హ్యూస్టన్‌కు చెందిన టెక్సాస్ ఇంటర్నేషనల్ అనే ప్రాంతీయ సంస్థ, ప్రయాణికుడు ఎగిరిన మైళ్లను లెక్కగట్టి బహుమతులివ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ప్రధాన కార్యాలయాన్ని న్యూయార్క్ నుంచి డాలస్ పక్కకు మార్చింది. దాని చేతిలో సేబర్ అనే కంప్యూటర్ రిజర్వేషన్ వ్యవస్థ ఉంది. అందులో మళ్లీ మళ్లీ కనిపించే ఫోన్ నంబర్లను ఏరి, తరచూ ఎగిరేవారెవరో కనిపెట్టారు. ఆ జాబితాతో 1981 మే 1న ఆడ్వాంటేజ్ పథకం మొదలైంది. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ కూడా తన మైలేజ్ ప్లస్‌తో దిగింది.

బహుమతి ఇవ్వడానికి వాళ్లకు పెద్దగా ఖర్చు కాలేదు. పూలమ్మాయి బుట్టలో సాయంత్రం మిగిలిన మల్లెలైనా సగం ధరకు పోతాయి. తలుపు మూసేశాక మిగిలిన సీటుకు ఆ దారి కూడా లేదు. ఎలాగూ ఖాళీగా పోయే సీటును మైళ్లకు ఇచ్చేస్తే, ప్రయాణికుడు ఏడాది పొడవునా తమనే అంటిపెట్టుకుంటాడు.

ఆ సీటు ముందు వరుసల్లోదైతే మరీ మంచిది. బిజినెస్ క్లాస్ అనే అర కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే పుట్టింది. 1970లలో చవక టికెట్లు విపరీతంగా పెరిగాయి. నిండు ధర చెల్లించిన ఉద్యోగి, పావు ధరకు ఎక్కిన విహారయాత్రికుడు పక్కపక్కనే కూర్చోవలసి వచ్చింది. సణుగుడు మొదలైంది. 1976లో కేఎల్ఎం నిండు ధర ఇచ్చినవారిని ఎకానమీలోనే ముందు భాగంలో వేరుగా కూర్చోబెట్టింది. 1978లో పాన్ యామ్ క్లిప్పర్ క్లాస్ తెచ్చింది. 1979లో క్వాంటాస్ బిజినెస్ క్లాస్ పెట్టి, ప్రపంచంలో ఇదే మొదటిదని ఇప్పటికీ చెప్పుకుంటుంది. మైలూ, ఈ అరా ఒకే మనిషి కోసం పుట్టాయి. ఆ మనిషి కంపెనీ డబ్బుతో ఎగిరేవాడు.

అయితే చిన్న ప్రయాణంలో మైళ్లు వాడుకోవడం చాలాకాలం దండగగానే ఉండేది. సంపాదించడానికి మాత్రం చిన్న ప్రయాణాలు బాగుండేవి. చాలా అమెరికన్ సంస్థలు ఎంత దగ్గరి ఊరికి వెళ్లినా కనీసం 500 మైళ్లు రాసేవి. వాడేటప్పుడు మాత్రం అమెరికాలో దాదాపు ఎక్కడికైనా రానుపోను 25,000 మైళ్లు తీసుకునేవారు. డాలస్ నుంచి హ్యూస్టన్ వెళ్లినా అంతే, న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్లినా అంతే.

2011 నవంబరులో బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన మైళ్లకు ఏవియోస్ అని పేరు పెట్టి, దూరాన్ని బట్టి ధర కట్టింది. 650 మైళ్ల లోపు ప్రయాణానికి అప్పట్లో ఒకవైపు ఎకానమీకి 4,500, బిజినెస్‌కు 9,000. లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కో పారిస్‌కో ముందు వరుసలో వెళ్లడం ఒక మామూలు ఉద్యోగికి అందుబాటులోకి వచ్చింది. ఈ పట్టిక న్యాయమైనదని నా అభిప్రాయం. తక్కువ దూరం, తక్కువ ధర.

ఆ ముందు వరుసలో సీటు వేరేదేమీ కాదు. ఐరోపా లోపలి విమానాల్లో ఎక్కువగా వెనక ఉన్న సీట్లే ముందూ ఉంటాయి. మూడింటిలో నడిమిది ఖాళీగా వదిలేస్తారు. అమ్ముడైన టికెట్లను బట్టి తెరను ముందుకో వెనక్కో జరుపుతారు. భోజనం, లాంజ్, అదనపు బ్యాగేజీ, దిగేటప్పుడు ముందు నడవడం, ఇవీ దొరికేవి. తిరుగు ప్రయాణానికి తెల్లవారుజామున విమానాశ్రయంలో ఐదు గంటలు గడపవలసిన మనిషికి ఆ లాంజ్ ఒక్కటే పెట్టిన మైళ్లకు సరిపోతుంది.

ఇంతకీ ఆ మైళ్లు ఎవరివి? ఈ ప్రశ్నకు దేశానికొక జవాబు ఉంది. అధికారిక ప్రయాణాల మైళ్లను ఉద్యోగులే ఉంచుకోవచ్చని అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 2001 డిసెంబరులో చట్టం చేసింది. ఆఫీసు ప్రయాణాల మైళ్ల మీద పన్ను అడగబోమని 2002లో అక్కడి పన్నుల శాఖ ప్రకటించింది. అదే 2002లో జర్మనీలో, పార్లమెంటు పని మీద వచ్చిన మైళ్లను సొంతానికి వాడుకున్నారన్న వివాదంలో గ్రెగోర్ గీజీ, చెమ్ ఓజ్‌డెమిర్ అనే రాజకీయ నాయకులు పదవులు వదులుకున్నారు. మన కేంద్ర ప్రభుత్వ నియమం కూడా అధికారిక ప్రయాణాల పాయింట్లను మళ్లీ అధికారిక ప్రయాణాలకే వాడమంటుంది. ప్రజల డబ్బు విషయంలో అది సబబే. కానీ ప్రైవేటు ఉద్యోగి సంగతి వేరు. సోమవారం చీకటితో లేచి క్లయింటు ఊరికి ఎగిరి, గురువారం రాత్రి ఇంటికి చేరే కన్సల్టెంటు జీవితం డాలస్ చుట్టుపక్కల ఎన్నో తెలుగు ఇళ్లకు తెలుసు. ఇంటికి దూరంగా గడిచిన ఆ రాత్రుల బదులు ఏదైనా దక్కాలంటే అది అతనికే దక్కాలి. ఆ మైళ్లతో హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలను రప్పించుకున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు.

1987లో సిటీబ్యాంకు, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిసి క్రెడిట్ కార్డు తెచ్చాక మైలుకు విమానంతో పనిలేకుండా పోయింది. కిరాణా బిల్లుకూ మైళ్లు వచ్చాయి. బ్యాంకులు వాటిని టోకున కొనే సరుకు చేశాయి. 2020లో విమానాలు నేల మీద నిలిచిపోయినప్పుడు యునైటెడ్ తన మైళ్ల పథకాన్నే తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది.

మన దగ్గర ఈ కథ జెట్ ఎయిర్‌వేస్ లాంటి ప్రైవేటు సంస్థలతో ఊపందుకుంది. మైలు నిలబడాలంటే సంస్థ నిలబడాలన్నది కూడా ఇక్కడే బాగా తెలిసింది. 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోగానే దాని పాయింట్లతో ఎక్కడానికి విమానమే మిగల్లేదు. 2019 ఏప్రిల్‌లో జెట్ ఆగినా, దాని పాయింట్ల పథకం వేరే కంపెనీ కావడం వల్ల ఇంటర్‌మైల్స్ పేరుతో కొన్నాళ్లు బతికింది. ఎయిర్ ఇండియా ఫ్లయింగ్ రిటర్న్స్ ఇప్పుడు మహారాజా క్లబ్ అయింది. 2006 నుంచి ఒకే తరగతితో ఎగిరిన ఇండిగో, 2024 నవంబరులో ఢిల్లీ, ముంబై మధ్య స్ట్రెచ్ పేరుతో బిజినెస్ సీట్లు పెట్టింది. బ్లూచిప్ అనే పాయింట్ల పథకాన్నీ ఆ ఏడాదే తెచ్చింది.