వదిలిన నీళ్లు, అందని నీళ్లు: తెలుగుగంగ నుంచి మన భవనం దాకా



చెన్నైలో నీళ్లకు కరువొస్తే మన తెలుగువాళ్లకు ఒక దెప్పు తప్పదు: "మీ ఆంధ్రావాళ్లు నీళ్లు వదల్లేదు." 2003-04లో బిందెలు వరసబెట్టి లారీ కోసం ఎదురుచూసిన రోజుల్లో మేమూ ఈ మాట పడ్డాం. అటు నెల్లూరు బంధువులేమో "వదిలాంగా!" అనేవారు. ఎవరిది అబద్ధం?

కొంచెం వెనక్కి వెళ్దాం. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల కృష్ణా నీళ్లు మద్రాసుకిస్తామన్నాయి. అసలు పని మొదలైంది మాత్రం ఎన్టీఆర్, ఎమ్జీఆర్ ముఖ్యమంత్రులుగా ఉండగా, 1983 ఏప్రిల్ 18న రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం కుదిరాకే. మే 25న ఇందిరాగాంధీ మద్రాసులో ప్రారంభించారు.

ఆ ఒప్పందంలో మెచ్చుకోవలసింది లెక్క. దారిలో నష్టం కింద 3 టీఎంసీలు పోను, సరిహద్దులో 12 అందాలి. జులై-అక్టోబరులో 8, జనవరి-ఏప్రిల్‌లో 4. ఖర్చులో వాటాలున్నాయి. చిక్కులొస్తే కూర్చుని మాట్లాడుకోవడానికి రెండు వైపుల అధికారులతో కమిటీ ఉంది.

పోతిరెడ్డిపాడు, వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా వచ్చిన నీళ్లు 1996 సెప్టెంబరులో తమిళనాడు సరిహద్దు చేరాయి. కానీ అరకొరగానే. కండలేరు దిగువన మట్టి కాలువ గట్లు కోసుకుపోయాయి. కొంత ఇంకిపోయింది, కొంత దారిలో తోడుకున్నారు. అంటే వదిలామన్నవాళ్లదీ నిజమే, అందలేదన్నవాళ్లదీ నిజమే. ఎన్ని నీళ్లో కాగితం మీద ఉంది, మోసే కాలువకు ఆ సత్తువ లేదు.

2002లో సత్యసాయి ట్రస్టు కాలువ బాగుచేతకు ముందుకొచ్చింది. గట్లు బలపరిచి లైనింగ్ చేశాక, 2004 చివర్లో నీళ్లు మళ్లీ పూండి దారి పట్టాయి. నిర్వహణ ఖర్చుల బకాయిల మీద రెండు ప్రభుత్వాల మధ్య మాటామాటా తరవాత కూడా నడిచింది. 

ఇదంతా ఇప్పుడెందుకంటే, వచ్చే ఆదివారం మన భవనం పైఅంతస్తు కాంట్రాక్టు మీద సంతకాలు పెట్టబోతున్నాం. పోయినసారి ప్రహరీగోడ పనిలో ఏం జరిగిందో గుర్తుందిగా? అదనపు పనంతా నోటిమాట మీదే చేయించాం. బిల్లు చూశాక ఆయన ఒకటన్నాడు, మనం ఒకటన్నాం. చివరికి గోడ సగంలో ఆరు నెలలు నిలిచిపోయింది. నోటిమాట నీటిమూట.

ఈసారి నాలుగు సంగతులు ముందే రాసుకుందాం. కొలతలు ఎవరు, ఎప్పుడు తీస్తారు? అదనపు పనికి ఎవరి సంతకం కావాలి? అప్పగించాక పగుళ్లొస్తే ఎన్నాళ్లదాకా బాధ్యత ఆయనది? తేడా వస్తే పని ఆపకుండా ఎవరి ముందు కూర్చోవాలి?

ముసాయిదా కార్యాలయంలో ఉంది. ఆదివారం లోపు చదివి రండి. తరవాత అనుకునే మాటేదో ముందే అనేయండి.