చూడదగిన నేల, చూసుకోవలసిన నేల: రిక్కార్టన్ నుంచి కురా టాఫిటి వరకు

న్యూజీలాండ్ దక్షిణ ద్వీపంలోని క్రైస్ట్‌చర్చ్ నగరానికి పడమటి పేట రిక్కార్టన్. అక్కడినుంచి పడమరగా సాగే దారి నగరం దాటేసరికి 73వ నంబరు రాష్ట్ర రహదారి అవుతుంది. బల్లపరుపు కాంటర్‌బరీ మైదానాన్ని దాటి, 939 మీటర్ల ఎత్తున్న పోర్టర్స్ కనుమ ఎక్కి దిగితే భూమి రూపం ఒక్కసారిగా మారిపోతుంది. చెట్టు కనబడదు. పసుపు వన్నె టస్సక్ గడ్డి, దాని మధ్య గుంపులు గుంపులుగా నిలిచిన బూడిదరంగు సున్నపురాతి శిలలు. రిక్కార్టన్‌కు దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ చోటును ఐరోపా వలసదారులు క్యాజిల్ హిల్ అన్నారు. మావోరి పేరు కురా టాఫిటి.

ఇది నిజానికి ఎడారి కాదు. పడమటి గాలులు మోసుకొచ్చే తేమలో అధికభాగం దక్షిణ ఆల్ప్స్ శిఖరాల దగ్గరే కురిసిపోతుంది. ఆర్థర్స్ కనుమలో ఏటా 4,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది; దానికి తూర్పున, పర్వతాల చాటున ఉన్న ఈ లోయకు అందేది అందులో కొంతే. సుమారు మూడు కోట్ల సంవత్సరాల క్రితం సముద్రగర్భంలో పేరుకున్న సున్నపురాయి పైకి లేచి, నీటికి కరిగి, గాలికి అరిగి ఈ ఆకారాలు దాల్చింది. వాహనం దిగిన కొద్ది నిమిషాలకే శిలల మధ్యకు చేరవచ్చు. కంచెలు లేవు, రుసుము లేదు. ఒక్కపూట నడకకు వచ్చేవారికి ఈ స్వేచ్ఛ ప్రకృతి సహజంగా ఇచ్చినదిగా తోస్తుంది. క్రైస్ట్‌చర్చ్ పరిసరాల చరిత్ర చూస్తే, నడవడానికి వీలైన ప్రతి చోటు వెనుకా ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయం ఉంది. అలాంటి నిర్ణయాలు మూడింటిని వరుసగా చూస్తే, నేలను కాపాడడమనే మాటకు అర్థం ఎలా మారుతూ వచ్చిందో తెలుస్తుంది.

ఒక కుటుంబం నిలుపుకున్న మాట

మొదటిది రిక్కార్టన్‌లోనే ఉంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన విలియం డీన్స్, జాన్ డీన్స్ సోదరులు 1843లో ఇక్కడ స్థిరపడ్డారు. మావోరీలు పూటారింగామోటు అని పిలిచే ఈ చోటుకు వారు తమ స్వగ్రామ ప్రాంతమైన రిక్కార్టన్ పేరు పెట్టుకున్నారు. చుట్టూ ఉన్న భూమిని 1846లో మావోరి నాయకుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. ఆనాటికే మైదానంలో అడవి అరుదు. వారి ఇంటి పక్కన మిగిలిన చిత్తడి అడవిలో కహికటియా వృక్షాలు వందల ఏళ్ల వయసువి.

విలియం 1851లో ఓడప్రమాదంలో మరణించాడు. జాన్ 1854లో, నాలుగు పదుల వయసైనా నిండకుండానే చనిపోతూ, ఆ అడవిని నరకవద్దని కోరాడు. ఇళ్లకూ, కంచెలకూ, వంటచెరకుకూ కలప కావలసిన కొత్త వలసలో అది చిన్న కోరిక కాదు. అతని భార్య జేన్ డీన్స్ అర్ధ శతాబ్దానికి పైగా ఆ మాట నిలిపింది. 1914లో ఆ కుటుంబం అడవిని కాంటర్‌బరీ ప్రజలకు దానమిచ్చింది. దాని సంరక్షణకు అదే ఏడు ప్రత్యేక చట్టం వచ్చింది. నేడు అంగళ్ల, అద్దె ఇళ్ల నడుమ దాదాపు ఎనిమిది హెక్టార్లు మిగిలి ఉన్నాయి. కాపాడినది ఒక కుటుంబపు యాజమాన్యం. అదే దాని బలం, అదే దాని పరిమితి కూడా. యజమానికి అటువంటి మనసు లేని చోట అడవి మిగలలేదు.

ఒక చట్టం, అందులోని ఒక మాట

ఆ పరిమితిని గ్రహించి రాజ్యాన్ని రంగంలోకి దింపినవారిలో హ్యారీ ఎల్ ముఖ్యుడు. 1862లో క్రైస్ట్‌చర్చ్‌లో పుట్టిన ఎల్, 1899 నుంచి 1919 వరకు పార్లమెంటు సభ్యుడు. నగరానికి దక్షిణాన ఉన్న పోర్ట్ హిల్స్, కోటి సంవత్సరాల కిందట చల్లారిన అగ్నిపర్వతపు అంచు. మేతభూములుగా విడిపోయిన ఆ శిఖరాల మీదుగా అకరోవా వరకు సామాన్యులు నడవగలిగే దారి వేయాలని, దారి పొడవునా విశ్రాంతి గృహాలు కట్టాలని ఆయన పట్టుదల. సొంత వాహనం లేని కార్మిక కుటుంబం కూడా ఆదివారం కొండగాలి పీల్చుకోవాలన్నది అందులోని ఉద్దేశం. దృశ్య పరిరక్షణ చట్టం 1903లో రావడానికి ఆయన కృషి తోడ్పడింది. అనుకున్న విశ్రాంతి గృహాలు పదికి పైనే, లేచినవి నాలుగే. కివీ పక్షి పేరు పెట్టిన గృహం 1917లో పూర్తయింది. అన్నిటికన్నా పెద్దదైన టకాహే గృహం 1934లో ఎల్ మరణించేనాటికి సగంలోనే ఉండి, 1949లో గాని తెరుచుకోలేదు. ఈనాడు పోర్ట్ హిల్స్ మీద నడిచేవారు చాలావరకు ఆయన గీసిన బాటలోనే నడుస్తున్నారు.

అయితే ఆ చట్టం పేరులోని ‘దృశ్యం’ అన్న మాట దగ్గర ఆగవలసి ఉంది. దృశ్యం చూసేవాడికోసం ఉంటుంది. అక్కడ ఎవరి పూర్వులు నడిచారు, ఎవరి ఆహారం దొరికేది అన్న ప్రశ్నలు ఆ మాటలో ఇమడవు. ఉత్తర ద్వీపంలో వాంగానుయి నదీతీరాన ఇదే చట్టం కింద మావోరీల భూములను నిర్బంధంగా తీసుకున్నారు. ఒకచోట కార్మికునికి బాట తెరిచిన చట్టమే మరోచోట నదీతీర ప్రజలను వారి తీరానికి పరాయివారిని చేసింది. మేలు తలపెట్టిన చట్టమైనా, నేలను కేవలం చూడదగిన వస్తువుగా లెక్కిస్తే జరిగే నష్టం ఇది.

శిలల మీద కప్పిన వస్త్రం

కురా టాఫిటి కథ ఈ నష్టానికి మరో కొస. దక్షిణ ద్వీపంలో విశాలభాగాన్ని 1848లో కెంప్ ఒప్పందం ద్వారా బ్రిటిష్ రాజ్యం 2,000 పౌండ్లకు న్గాయ్ తహు తెగ నుంచి తీసుకుంది. తగినన్ని భూములు వారికి వదులుతామని, ఆహారం సేకరించుకునే చోట్లు కాపాడతామని ఇచ్చిన మాట నిలవలేదు. మటియాహా టిరామోరెహు అనే నాయకుడు 1849లోనే ఫిర్యాదు రాశాడు. ఈలోగా క్యాజిల్ హిల్ లోయ గొర్రెల మేతభూమి అయింది. ఆ భూములను ఖాళీ నేలగా వర్ణించడం వలసదారులకు అలవాటు. ఖాళీ కాదనడానికి సాక్ష్యం రాళ్ల మీదే ఉంది: పూర్వపు మావోరి బాటసారులు బొగ్గుతో గీసిన బొమ్మలు. కురా టాఫిటి అంటే దూరదేశపు నిధి అని అర్థం; ఆ నిధి పసిఫిక్ దీవుల నుంచి వారి పూర్వులు తెచ్చుకున్న చిలగడదుంప అంటారు. సముద్రం దాటి వచ్చినవారు వెంట తెచ్చుకున్న పంట పేరు ఆ కొండకు నిలిచిపోయింది.

నూట యాభై ఏళ్ల వాదప్రతివాదాల తర్వాత, వైటాంగి ట్రిబ్యునల్ 1991లో న్గాయ్ తహు ఫిర్యాదులలో ప్రధానమైనవి న్యాయమైనవని తేల్చింది. 1998లో పరిష్కార చట్టం వచ్చింది. అందులో క్షమాపణ ఉంది, 17 కోట్ల డాలర్ల పరిహారం ఉంది, ‘టోపుని’ అనే ఏర్పాటూ ఉంది. మావోరి నాయకుడు తన అంగవస్త్రాన్ని ఎవరిమీదనైనా కప్పితే వారు ఆయన రక్షణలోకి వచ్చినట్టు. ఆ సంప్రదాయాన్నే చట్టం నేలకు వర్తింపజేసింది. పద్నాలుగు స్థలాలను టోపునిగా ప్రకటించారు. కురా టాఫిటి వాటిలో ఒకటి. భూమి ప్రభుత్వ పరిరక్షణ శాఖ చేతిలోనే ఉంటుంది, బాట అందరికీ తెరిచే ఉంటుంది. కాని ఆ స్థలానికి న్గాయ్ తహు ఇచ్చే విలువను గుర్తించి, దానికి హాని కలగకుండా నడుచుకోవలసిన బాధ్యత శాఖ మీద ఉంటుంది. మరో టోపుని అయిన ఆవొరాకి శిఖరం ఎక్కేవారిని చిట్టచివరి కొన మీద కాలు మోపవద్దని కోరుతారు. ఎక్కవద్దని అనరు, పూర్వుని తల మీద నిలబడవద్దని మాత్రమే అంటారు.

తెలుగువారికి ఈ భావం కొత్తది కాదు. తిరుమల కొండను ఆదిశేషుని రూపంగా తలచి, పాదం మోపడానికి సంకోచించి రామానుజాచార్యులు మోకాళ్ల మీద ఎక్కారని వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. ఆ గౌరవం గుడి లేని కొండకు దక్కడం మాత్రం అరుదు. హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైట్ గుట్టలు సుమారు 250 కోట్ల సంవత్సరాల వయసువి. క్యాజిల్ హిల్ సున్నపురాయి వాటి ముందు నిన్నటి శిశువు. నగరం పెరుగుతుంటే ఆ గుట్టలు పేలుడు మందుకు కంకరగా మారసాగాయి. వాటి రక్షణకు 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ ఏర్పడింది. వారి కృషివల్ల కొన్ని శిలాసముదాయాలు వారసత్వ జాబితాకెక్కాయి. ఎక్కనివి ఎన్నో భవనాల పునాదుల కింద కలిసిపోయాయి. డీన్స్ కుటుంబం వంటి యజమాని గాని, ఎల్ వంటి శాసనకర్త గాని వాటికి తగినంత తొందరగా దొరకలేదు.

కురా టాఫిటి దాపున మరో చిన్న స్థలం ఉంది. సున్నపురాతి పొడిలో మాత్రమే పెరిగే ఒక అరుదైన పసుపు పువ్వు మొక్క అక్కడ కొన్ని పదులు మాత్రమే మిగిలితే, లాన్స్ మెక్‌కాస్కిల్ చొరవతో 1954లో కంచె వేసి రక్షిత ప్రదేశంగా ప్రకటించారు. అనుమతి లేకుండా ఎవరూ అందులోకి పోరాదు. కొంత నేల నడవడానికి, కొంత నేల వదిలేయడానికి. దూరదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవురోజున ఏ కొండదారి పట్టినా, ఆ దారి ఎవరి మాటవల్ల తెరుచుకుందో, ఎవరి నష్టం మీదుగా సాగుతోందో తెలుసుకోవడం ఆ నడకలో భాగమే. ఆ శిలల మీది బొగ్గు గీతలు అయిదారు శతాబ్దాలుగా వానకూ ఎండకూ ఓర్చుకున్నాయి. వేలిని తాకిస్తే చెరిగిపోతాయి.