అద్దానికి అవతల అమ్మ

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను మన ఊళ్లలో ‘పెట్టెలో పెట్టారు’ అంటారు. ఆ మాట చెవిన పడ్డ గంట నుంచి ఇంటిల్లిపాదికీ లెక్కలు మారిపోతాయి. కాలం పూటల్లో నడుస్తుంది, బరువు గ్రాముల్లో నడుస్తుంది. నిన్న 1,240, ఇవాళ 1,225. పదిహేను గ్రాములు తగ్గితే ఆ పూట ముద్ద దిగదు. ఇంకా కుట్లు మానని బాలింత మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కుని, గౌను తొడుక్కుని, నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగమైన ఎన్‌ఐసీయూలోకి వెళ్తుంది. రెండు మూడు గంటలకోసారి పాలు పిండి ఇస్తుంది. మానిటర్ బీప్‌మన్నప్పుడల్లా ఆమె చూపు ముందు అంకెల మీదికి, ఆ తర్వాతే బిడ్డ మీదికి వెళ్తుంది.

ఈమాత్రం లోపలికి రానివ్వడానికే ఆసుపత్రులకు ఎన్నో దశాబ్దాలు పట్టింది.

ఇంక్యుబేటర్ అనే ఈ పెట్టె కథ పారిస్‌లో మొదలైంది. 1878లో స్తెఫాన్ టార్నియే అనే ప్రసూతి వైద్యుడు అక్కడి జంతు ప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగించే వెచ్చటి పెట్టెను చూశాడు. దాన్ని తయారుచేసిన ఓడిల్ మార్తాన్ చేతనే పసిపిల్లలకూ అలాంటిది చేయించాడు. 1880లో అది మెటర్నిటే ఆసుపత్రికి చేరింది. నీళ్లు కాచి ఆ వేడిని కింది నుంచి పంపే మోటు పెట్టె. ఒక్కోసారి ఇద్దరు ముగ్గురిని కలిపి అందులోనే పడుకోబెట్టేవారు. అయినా రెండు కిలోల లోపు పిల్లల్లో మరణాలు 66 శాతం నుంచి 38 శాతానికి దిగాయి. ఆ పిల్లలను ఎక్కువగా బలిగొంటున్నది చలి అని అలా తేలింది.

టార్నియే శిష్యుడు పియేర్ బ్యుదేన్ ఇంకో సంగతి గమనించాడు. వారాల తరబడి బిడ్డకు దూరంగా ఉన్న తల్లికి పాలు ఇంకిపోతున్నాయి, క్రమంగా బిడ్డ మీద ధ్యాసా తగ్గుతోంది. అందుకే తల్లులు వార్డుకు రావాలని, చనుబాలే పట్టాలని ఆయన పట్టుబట్టాడు. 1900లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఈ విషయం ఉంది. ప్రపంచం మాత్రం ఆయన దగ్గర పెట్టెను తీసుకుంది, తల్లిని వదిలేసింది.

ఆ తర్వాత ఇలాంటి పిల్లలు ప్రదర్శనల్లో కనిపించారు. డాక్టర్‌నని చెప్పుకున్న మార్టిన్ కూనీ న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో, రంగులరాట్నాల నడుమ 1903 నుంచి 1943 దాకా ఇంక్యుబేటర్ల శాల నడిపాడు. జనం 25 సెంట్ల టికెట్ కొని అద్దాల వెనక ఉన్న శిశువులను చూసేవారు. ఆ డబ్బుతోనే నర్సులకు జీతాలు, పిల్లలకు పాలు. తల్లిదండ్రుల దగ్గర పైసా తీసుకోలేదు. చాలా ఆసుపత్రులు ‘బతకరు’ అని చేతులెత్తేసిన రోజుల్లో వేలాది మంది అక్కడ బతికి బట్టకట్టారు. కూనీకి నెలలు నిండకుండా పుట్టిన సొంత కూతురు కూడా ఆ పెట్టెల్లోనే పెరిగి, పెద్దయ్యాక అక్కడే నర్సు అయింది.

ఆసుపత్రులు సొంత వార్డులు తెరిచాక మరో గోడ లేచింది. అంటురోగాల భయం నిజమైనదే. యాంటీబయాటిక్స్ లేని కాలంలో ఒక్క విరేచనాల జబ్బు వార్డంతటినీ ఖాళీ చేయగలిగేది. దాంతో తల్లి కూడా బయటి మనిషే అయింది. నర్సు ఎత్తి చూపిస్తే అద్దంలోంచి చూడాలి. కొన్నిచోట్ల ఇంటికి తీసుకెళ్లే రోజు దాకా ఆమె బిడ్డను తాకనే లేదు.

1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనడీకి అయిదున్నర వారాల ముందే కొడుకు పుట్టాడు. ఊపిరితిత్తులు విచ్చుకోక ఆయాసపడుతున్న ఆ పసివాణ్ని బోస్టన్‌కు తరలించారు. ఆపరేషన్ అయిన తల్లి బిడ్డ పుట్టినచోటే మంచంలో ఉండిపోయింది. రెండు రోజులైనా నిండకుండానే ప్యాట్రిక్ కన్నుమూశాడు. ఆ మరణం నవజాత శిశువుల వైద్యం మీద లోకం దృష్టిని నిలిపింది.

ఆ దశాబ్దంలోనే కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్‌లో వైద్యులు ధైర్యం చేసి తల్లులను లోపలికి రానిచ్చారు. చేతులు కడిగించి, ఇంక్యుబేటర్‌లో ఉన్న బిడ్డను తాకనిచ్చారు. భయపడినట్టు ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు. 1970లో ఆ అనుభవాన్ని ప్రచురించారు.

అయితే తలుపును బార్లా తెరిపించింది లేమి. కొలంబియా రాజధాని బొగోటాలో పేదల ప్రసూతి ఆసుపత్రి అది. ఒక్కో ఇంక్యుబేటర్‌లో ఇద్దరు ముగ్గురు పిల్లలు, ఒకరి జబ్బు ఇంకొకరికి. దిక్కులేక బిడ్డలను వదిలి వెళ్లే తల్లులు. 1978లో డాక్టర్ ఎడ్గార్ రే, ఆయన తోడుగా డాక్టర్ హెక్తోర్ మార్తీనెస్ ఒక ఉపాయం ఆలోచించారు. కాస్త కుదుటపడిన బిడ్డను తల్లి రొమ్ముల నడుమ, ఒంటికి ఒళ్లు ఆనించి, నిటారుగా కట్టేయడం. వెచ్చదనం ఆమెదే, పాలూ ఆమెవే. అదే కంగారూ మదర్ కేర్. మరుసటి ఏడాదే ఎస్టోనియాలోని తాలిన్‌లో, నర్సులు చాలక ఇబ్బందిపడుతున్న డాక్టర్ ఆదిక్ లెవిన్ తల్లులను రాత్రింబవళ్లు బిడ్డల దగ్గరే ఉంచాడు. ఈ రెండుచోట్లా డబ్బు లేదు. వాళ్లు చేసిన పనిని ఆ తర్వాత డబ్బున్న దేశాలూ నేర్చుకున్నాయి.

‘కుదుటపడిన’ అనే షరతు మాత్రం చాలాకాలం నిలిచింది. దాన్నీ పరీక్షించారు. ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని అయిదు ఆసుపత్రుల్లో, కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది శిశువులను ఎంచుకున్నారు. వీరిలో మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి పిల్లలూ ఉన్నారు. సగం మందికి కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి ఒడి దొరికింది. అందుకు ఎన్‌ఐసీయూలోనే బిడ్డ పక్కన తల్లికి మంచం వేశారు. రోజుకు సుమారు 17 గంటలు బిడ్డ ఆమె గుండెల మీదే. 2021లో ఫలితాలు వచ్చాయి. 28 రోజుల్లోపు మరణాలు ఆగి మొదలుపెట్టినచోట 15.7 శాతం, వెంటనే మొదలుపెట్టినచోట 12 శాతం. రక్తానికి సోకే ఇన్‌ఫెక్షన్లూ తగ్గాయి. ఏ భయంతో ఆమెను బయట నిలబెట్టారో, ఆ భయానికే ఆమె మందయింది.

ఢిల్లీలోనే రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి తల్లులకు, తండ్రులకు, అమ్మమ్మలకు శిశువు సంరక్షణ నేర్పింది. ఆ బాటలో కేంద్ర ఆరోగ్యశాఖ 2017లో కుటుంబ భాగస్వామ్య సంరక్షణకు మార్గదర్శకాలు ఇచ్చింది.

చప్పరించి మింగే శక్తి ఇంకా పూర్తిగా రాని పిల్లలకు మన దేశపు వార్డుల్లో పాలు పట్టేది ముక్కున్న చిన్న గిన్నెతో. వైద్యులు దాన్ని పాలాడై అంటారు. తెలుగింటి అమ్మమ్మకు అది ఉగ్గుగిన్నె. వెంటిలేటర్ల మధ్య అది కనబడగానే ఆమె ముందుకొస్తుంది. ఆ పని ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

తలుపులన్నీ ఇంకా తెరుచుకోలేదు. చాలాచోట్ల తండ్రికి పూటకు కొద్ది నిమిషాలే. బాలింత బయట బల్ల మీద కూర్చుని పిండిన పాలను నర్సు చేతికి అందిస్తుంది. తలుపు మూసుకునేలోగా ఒకే ఒక్క మాట అడుగుతుంది: “ఇవాళ ఎంత తూగాడమ్మా?”