తెరచాప తాళ్ళు చెప్పే చరిత్ర

విశాఖపట్నం రేవు ముఖద్వారం వద్దనున్న మూడు కొండలలో ఒకటి దర్గా కొండ. దానిపై ఇసాక్ మదీనా పేర ప్రసిద్ధమైన దర్గా ఉంది. ఆ మార్గాన వచ్చిపోయే ఓడలు దర్గాకు ఎదురుగా జెండాను మూడుసార్లు ఎత్తి దించేవని 19వ శతాబ్దపు జిల్లా మాన్యువల్ నమోదు చేసింది. బంగాళాఖాతపు గాలివానలు ఆ మహనీయుని అదుపులో ఉంటాయని నమ్మిన హిందూ ఓడ యజమానులు, ప్రయాణం సుఖంగా ముగిశాక వెండి దోనెలు చేయించి సమర్పించేవారట. అటువంటి మొక్కుబడుల ధర్మాధర్మ విచారణ వేరొక వ్యాసానికి తగినది. మన దృష్టి ఆ వెండి బొమ్మకు మూలమైన కొయ్య దోనెపైన, దానిని నడిపిన తాళ్ళపైన.

ఓడ మీది తాళ్ళు రెండు తరగతులు. తెరచాప కొయ్యను నిలిపి ఉంచే కట్టుతాళ్ళు కదలవు. చాపను ఎత్తడానికి, దించడానికి, గాలికి అనుగుణంగా తిప్పడానికి నావికుని చేతిలో నిత్యం ఆడేవి రెండవ తరగతి. శాతవాహనుల ఓడ నాణేలపై రెండు కొయ్యల నావలు కనిపిస్తాయి. మన తీరంలో ఓడ విద్య ఇస్లాంకు ఎంతో పూర్వమే పండిందనడానికి ఆ నాణేలే చాలు.

కోరంగి దోనెను 1834లో జాన్ ఎడై అనే ఆంగ్లేయుడు వర్ణించాడు. సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, అడుగుభాగం బల్లపరుపు, ఒకే కొయ్య, ఒక తెరచాప. అది మోటుదని, సముద్రానికి తగనిదని అతడు చులకన చేశాడు. గోదావరి ముఖద్వారపు ఇసుక మేటలపై లోతైన అడుగున్న ఓడ ఏమవుతుందో అతడు ఆలోచించినట్లు లేదు.

ఇటువంటి నావపై ప్రాణాధారమైన తాళ్ళు ముఖ్యంగా రెండే. మొదటిది చాపను కట్టిన అడ్డవాసాన్ని కొయ్య మీదికి లాగే ఎత్తుతాడు. బరువంతా దానిదే. రెండవది చాప వెనుక మూలకు కట్టిన కొసతాడు. గాలి పక్కనుంచి వీస్తే దానిని దగ్గరకు లాగాలి, వెనుకనుంచి వీస్తే వదులు చేయాలి. హఠాత్తుగా పెనుగాలి కొట్టినపుడు కొసతాడును వదిలితే చాప గాలిని జారవిడిచి రెపరెపలాడుతుంది, నావ నిలదొక్కుకొంటుంది. బిగుముడి వేసి కూర్చున్నవాడికి ఆ ముడి విప్పే వ్యవధి ఉండదు.

అరబ్బుల దౌ తెరచాప విధానం కూడా ఈ రెండు తాళ్ళ మీదనే ఆధారపడింది. గాలికి వీపు చూపుతూ నావను మళ్ళించేటప్పుడు కొసతాడును వదిలి, కొయ్యకు ముందువైపుగా చుట్టి తెచ్చి, రెండవ పక్కన బిగిస్తారు. ఈ త్రికోణపు చాప అరబ్బుల సృష్టి అని మనవారిలో కొందరు అభిమానంతో వ్రాశారు. ఇస్లాంకు ముందే మధ్యధరా సముద్రంలో అటువంటి చాప ఉన్నదనడానికి సాక్ష్యాలు దొరికాయి కనుక ఆ వాదం నిలవదు. హిందూ మహాసముద్రపు రుతుపవనాలలో నౌకాయానాన్ని శాస్త్రంగా క్రోడీకరించిన కీర్తి మాత్రం అరబ్బులకు నిస్సందేహంగా చెందుతుంది. 15వ శతాబ్దాంతంలో ఇబ్న్ మాజిద్ రచించిన 'కితాబుల్ ఫవాయిద్' ఇందుకు నిదర్శనం.

గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం నుండి మోఖా, బందర్ అబ్బాస్, పెగూ రేవులకు ఓడలు సాగేవి. ఆ కాలపు పత్రాలలో సరుకుల పేర్లున్నాయి, యజమానుల పేర్లున్నాయి. తాడు పట్టినవాని పేరు లేదు. అతని ఆనవాలు భాషలో మిగిలింది. మనం అచ్చ తెలుగనుకొనే 'చుక్కాని' అరబ్బీ 'సుక్కాన్'. 'లంగరు' పారసీకం. గోదావరి లాంచీని నడిపిన 'సరంగు' పారసీక 'సర్‌హంగ్', రేవులోని 'కలాసీ' అరబ్బీ 'ఖలాస్' నుండి వచ్చినవాడు. ఓడ నాయకుణ్ణి సూచించే 'నాఖుదా' పత్రాలలోనే నిలిచిపోగా, కాయకష్టం చేసినవారి పదాలు తెలుగువారి నాలుకపై స్థిరపడడం గమనించదగినది. 1811లో కలకత్తాలో రోబక్ ప్రచురించిన నౌకాపదకోశం ఈ లష్కరీ భాషను కొంత భద్రపరచింది. అందులో కొసతాడు 'దామన్', అనగా కొంగు. చాప కొంగు పట్టిన తాడుకు అంతకంటే తగిన పేరేముంది!

1933లో విశాఖ రేవు తెరచుకొన్న తరువాత పెద్ద ఓడలు గట్టుకే రాసాగాయి. 1948లో ఇక్కడ జలప్రవేశం చేసిన 'జల ఉష' ఆవిరి ఓడ. తెరచాప విద్య క్రమంగా నౌకాదళపు శిక్షణకు, పందేలకు పరిమితమయింది. 2017 సెప్టెంబరు 10న గోవా నుండి బయలుదేరి 2018 మే 21న ప్రపంచాన్ని చుట్టివచ్చిన 'తారిణి' నావలోని ఆరుగురు స్త్రీలలో విశాఖకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు.

నేటి పందెపు పడవలలో, వెనుకగాలికి బుడగలా ఉబ్బే స్పిన్నకర్ అనే చాపను ముందుభాగంలో ఎత్తుతారు. దానికి ఒక ఎత్తుతాడు, కింది రెండు మూలలకు చెరొక తాడు. గాలి వచ్చే పక్కనున్నదానిని గై అని, రెండవదానిని షీటు అని అంటారు. పడవ మళ్ళినపుడు అవే తాళ్ళు పేర్లు మార్చుకొంటాయి. ఈ తాళ్ళను కట్టుతాళ్ళన్నిటికీ వెలుపలగా, పడవ ముక్కును చుట్టి, చాప ఎత్తకముందే అమర్చుకోవాలి. ఒక్కటి లోపలగా పోయినా చాప తెరచుకోదు. దానిని దించి, మళ్ళీ మొదటినుండి కట్టవలసిందే.