బూడిద దిబ్బల్లో అగ్ని చరిత్ర: దక్షిణ దక్కను నవీన శిలాయుగపు మంటలపై ఒక పరిశీలన

కీలక పదాలు: బూడిద దిబ్బలు, నవీన శిలాయుగం, పశుపాలన, ఉట్నూరు, పాలవాయి, బూదిహాళ్, పేడ, అగ్ని

ఉపోద్ఘాతం

మంట వేరు, సెగ వేరు, నివురు వేరు. దాలిలో పిడకల మీద రోజంతా కాగే పాలకుండకు తగిలే నిప్పు, కొలిమిలో తిత్తి ఊదగా లేచే నిప్పు, ఎండాకాలం కొండమీద పాకే కార్చిచ్చు - ఈ మూడింటినీ ఒకే పేరుతో పిలిచే అలవాటు తెలుగువారికి లేదు. చరిత్ర రచనలో మాత్రం ఈ వివేచన తరచుగా లోపిస్తుంది. తవ్వకంలో బూడిద పొర కనిపించగానే దానిని అగ్నిప్రమాదంగానో, శత్రుదహనంగానో, యజ్ఞంగానో చెప్పడం పరిపాటి. అది ఎటువంటి నిప్పు మిగిల్చిన బూడిద అన్న ప్రశ్న ఆ తరువాత గాని రాదు. కొన్నిసార్లు అసలే రాదు.

ఈ ప్రశ్నకు దక్షిణ దక్కనులోని బూడిద దిబ్బలకన్నా మంచి పరీక్షాస్థలం దొరకదు. ఉత్తర కర్ణాటకలోని బళ్ళారి, రాయచూరు, గుల్బర్గా ప్రాంతాలలోను, వాటిని ఆనుకొని ఉన్న అనంతపురం, కర్నూలు, పాత మహబూబ్‌నగర్ జిల్లాలలోను ఇటువంటి దిబ్బలు వందకు పైగా గుర్తింపబడ్డాయి. కొన్ని నేలమీద లేచిన చిన్న గుట్టలు. మరికొన్ని మూడు నాలుగు నిలువుల ఎత్తు. ఇవి స్థూలంగా క్రీ.పూ. మూడు, రెండు సహస్రాబ్దులకు చెందినవి. వీటిని మిగిల్చినవారు ఇనుము ఎరుగనివారు, లిపి లేనివారు. వారి జీవితం గురించి చెప్పడానికి రాతిగొడ్డళ్ళు, కుండపెంకులు, ఎముకలు, కాలిన గింజలు, అన్నిటికన్నా విస్తారంగా ఈ బూడిద మాత్రమే మిగిలాయి.

ఒకే మంట అన్న ఊహ

బళ్ళారి నుంచి హోస్పేట వెళ్ళే దారిలో, కుడతిని ఊరి దగ్గర ఉన్న దిబ్బ పందొమ్మిదో శతాబ్దిలోనే యూరోపియన్ల దృష్టికి వచ్చింది. ఆ చోటికి వారు నమోదు చేసిన పేరు ‘బూది కనుమ’. రెండూ తెలుగు పాఠకుడికి వివరణ అక్కరలేని మాటలే. మద్రాసు సైన్యంలో పనిచేసిన న్యూబోల్డ్ ఈ దిబ్బల గురించి 1843లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. రాక్షసులను దహనం చేసిన చోట్లనీ, ఋషులు యాగాలు చేసిన చోట్లనీ స్థానికులు వీటి గురించి చెప్పుకునేవారు. హంపి పరిసరాల్లోని నింబాపురం దిబ్బను ఇప్పటికీ వాలి చితిగా చూపుతారు. కిష్కింధ అక్కడే అన్న నమ్మకానికి అది సహజమైన కొనసాగింపు.

ఈ కథలను మూఢనమ్మకాలని తోసిపుచ్చడం తేలిక. కాని పండితుల తొలి ఊహలు వీటికన్నా ఎంతో మెరుగైనవేమీ కావు. కొందరు అగ్నిపర్వతపు బూడిద అన్నారు. కొందరు ఇనుము కరిగించిన చిట్టెం అన్నారు. సున్నపు బట్టీల ప్రస్తావన కూడా వచ్చింది. విజయనగర చరిత్రకారుడిగా ప్రసిద్ధుడైన రాబర్ట్ సెవెల్ 1899లో ఈ దిబ్బలపై రాస్తూ, నింబాపురం దిబ్బకు విజయనగర కాలపు సహగమనాలతో సంబంధం ఉండవచ్చునని ఊహించారు. జానపదుల వాలి చితికీ, సెవెల్ సహగమనానికీ తేడా పురాణానికీ చరిత్రకూ ఉన్నంతే. ఆలోచన తీరు మాత్రం ఒకటే: ఇంత బూడిద ఉన్నదంటే ఎప్పుడో ఒక మహాదహనం జరిగి ఉండాలి.

రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ దారి వదిలారు. భూవిజ్ఞాన సర్వేలో పనిచేస్తూ దక్షిణాపథమంతా తిరిగిన ఆయన, దిబ్బల దగ్గర దొరికే రాతి పనిముట్లను బట్టి ఇవి నవీన శిలాయుగానివనీ, బూడిద పేడ కాలగా ఏర్పడినదనీ గ్రహించారు. అంటే అగ్నికి ఆహుతి అయినది రాక్షసుడూ కాదు, రాజూ కాదు. పశువుల దొడ్డిలో పేరుకున్న పేడ! ఈ సమాధానం నిరాశ కలిగించేంత సాదాగా ఉండటం వల్లనేమో, చాలాకాలం దానికి తగిన ఆదరణ దొరకలేదు.

ఉట్నూరు సాక్ష్యం

ఆ అభిప్రాయానికి బలమైన ఆధారం 1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ జరిపిన ఉట్నూరు తవ్వకాలలో దొరికింది. ఇది ఆదిలాబాదు ఉట్నూరు కాదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, కృష్ణానదికి ఉత్తరాన ఉన్న ఊరు. తవ్వకాల నివేదికను 1961లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పురావస్తు శాఖ ప్రచురించింది. 1963లో వెలువడిన ఆల్చిన్ గ్రంథం దక్షిణ భారత నవీన శిలాయుగపు పశుపాలకులను ప్రపంచ పురావస్తు చర్చలోకి తెచ్చింది.

ఉట్నూరు దిబ్బ అడుగున దుంగలు నాటి కట్టిన కంచె ఆనవాళ్ళు బయటపడ్డాయి. కంచె లోపలి నేలమీద పశువుల గిట్టల గుర్తులు ఉన్నాయి. నాలుగువేల ఏళ్ళకు పైబడిన ఒక దొడ్డిలో, తడి పేడమీద పశువు వేసిన అడుగు పైపొరల కింద చెక్కుచెదరకుండా నిలిచింది. ఇక అది దొడ్డి కాదని వాదించడానికి ఆస్కారం లేకపోయింది. దొడ్డిలో పేడ పేరుకున్నది, కాలింది. అదే చోట కంచె మళ్ళీ లేచింది. మళ్ళీ పేరుకున్నది, మళ్ళీ కాలింది. ఎఫ్. ఇ. జాయినర్ ప్రయోగశాలలో జరిపిన పరీక్షలు కూడా ఈ బూడిద ఆవుపేడదేనని నిర్ధారించాయి.

కాబట్టి దిబ్బ ఒక మంట మిగిల్చినది కాదు, తరాల తరబడి వేసిన మంటల పేర్పు. ఆల్చిన్ నిరూపించిన ఈ విషయం వివాదాతీతం. ఆ మంటలు ఎవరు, ఎందుకు వేశారన్న దానిపై ఆయన చెప్పినది మాత్రం ఊహ. మందలు వలస బయలుదేరే ముందో, తిరిగి వచ్చాకో ఏటా జరుపుకునే పండుగలో దొడ్డిని తగలబెట్టి ఉంటారని ఆయన భావించారు. అందుకు నేటి సంక్రాంతి, హోళీ, దీపావళి మంటలను ఉపమానంగా తెచ్చారు.

బూడిద మెత్తన, చిట్టెం గట్టిది

ఇక్కడ పదార్థం వైపు చూడాలి. దిబ్బల్లో రెండు రకాల అవశేషాలు కనిపిస్తాయి. ఒకటి మెత్తని, వదులైన, లేత బూడిదరంగు పొడి. రెండోది కరిగి, నురగగట్టి, గాజులా గడ్డకట్టిన బెడ్డ. ఇనుప చిట్టెమని పొరపడేలా చేసినది ఈ రెండోదే.

రెండూ పేడవే. గడ్డి తన కణాలలో సిలికాను నిలుపుకుంటుంది. పశువుకు అది అరగదు, పేడలోకి వస్తుంది. పేడ కాలినప్పుడు పొటాషియం వంటి క్షారాలు ఆ సిలికాను తక్కువ వేడికే కరిగేలా చేస్తాయి. గాజు తయారీలో జరిగేది కూడా ఇదే. తక్కువ వేడి అన్నది సాపేక్షం మాత్రమే. బెడ్డ కట్టాలంటే సుమారు వెయ్యి డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. దాలిలో నివురుగప్పి కాలే పిడకకు ఆ వేడి ఎన్నడూ రాదు. అది మెత్తని బూడిదనే మిగులుస్తుంది. ఎండిన పేడ పెద్ద కుప్పగా పడి, గాలి బాగా ఆడి, వేడి బయటికి పోయే వీలు లేనప్పుడు గాని బెడ్డ కట్టదు.

అంటే, ఒకే దిబ్బలో కనీసం రెండు స్వభావాల నిప్పు ఉంది. మెల్లగా రగిలిన పొరలు కొన్ని, భగ్గున మండిన పొరలు కొన్ని. ఈ తేడాను పక్కన పెట్టి ‘బూడిద దిబ్బ ఎందుకు ఏర్పడింది’ అని ఏకవచనంలో అడిగినంతకాలం చర్చ ముందుకు సాగదని నా అభిప్రాయం. మెత్తని బూడిద పొరలకు పండుగ అక్కరలేదు. సాయంత్రం కొట్టంలో ఈగలు, పిడుదులు పోవడానికి పొగ వేయడం నిన్నమొన్నటి దాకా పల్లెల్లో చూసినదే. వంటపొయ్యిలోని బూడిదను ఊరి చివర ఒకే చోట పోయడమూ అంతే. బెడ్డకట్టిన పొరల సంగతి వేరు. వాటి వెనుక పేడను కూడబెట్టడం, ఎండనివ్వడం, అంటించడం ఉన్నాయి.

దాడి జరిగి ఉండవచ్చా? గోగ్రహణం మన చరిత్రకు కొత్త కాదు. పశువులను కాపాడుతూ చనిపోయినవారికి ఎత్తిన వీరగల్లులు రాయలసీమలో ఎన్నో ఉన్నాయి. అయితే అవి దిబ్బలకు రెండువేల ఏళ్ళకు పైగా తరువాతివి. పైగా ఒకసారి కాలిన దొడ్డికి దాడి కారణం కావచ్చు గాని, అదే చోట మళ్ళీ మళ్ళీ, ఒకే పద్ధతిలో కాలడానికి శత్రువు ఒక్కడే కారణమనుకోవడం కష్టం. ప్రమాదానికీ ఇదే అభ్యంతరం వర్తిస్తుంది.

పండుగ ఉపమానం బలం, బలహీనత

దక్షిణ కర్ణాటక పల్లెల్లో సంక్రాంతి సాయంత్రం పశువులను అలంకరించి మంటమీదుగా దాటిస్తారు. దానిని ‘కిచ్చు హాయిసువుదు’ అంటారు. కన్నడ ‘కిచ్చు’, తెలుగు ‘చిచ్చు’ ఒకే ధాతువు నుంచి వచ్చినవి. అచ్చుల ప్రభావంతో తెలుగులో కకారం చకారమైంది. మన భోగిమంటలో పిల్లలు వేసే పిడకల దండలూ ఈ సందర్భంలో గుర్తుకు రాక మానవు. పశువు, పేడ, మంట, ఋతువు మారే వేళ - నాలుగూ ఒకచోట చేరాయి. ఆల్చిన్ ఉపమానానికి ఉన్న ఆకర్షణ ఇదే.

కాని నేటి ఆచారానికీ ఆ దిబ్బలకూ మధ్య నాలుగువేల ఏళ్ళు ఉన్నాయి. ఈ కాలంలో భాషలు, జనసమూహాలు, పంటలు, దేవతలు అన్నీ మారాయి. మధ్యలోని కొక్కేలను చూపకుండా భోగిమంటను నవీన శిలాయుగానికి తగిలించడం, దిబ్బను వాలికి తగిలించడం కన్నా ఎక్కువ శాస్త్రీయం కాదు. ఉపమానం ప్రశ్నను పుట్టించగలదు, రుజువు కాజాలదు.

ఆల్చిన్ తరువాతి పరిశోధన ఈ విషయంలో జాగ్రత్తపడింది. అనంతపురం జిల్లా పాలవాయిలో వి. రామిరెడ్డి తవ్వకాలు జరిపారు. కె. పద్దయ్య షోరాపూరు ప్రాంతంలో, గుల్బర్గా జిల్లా బూదిహాళ్‌లో జరిపిన విస్తృతమైన తవ్వకాలు దిబ్బ పక్కనే నివాసాలను, పశువులను కోసిన నేలను వెలికితీశాయి. దిబ్బ అంటే మందలు ఋతువుకొకసారి విడిది చేసి వదిలిపోయిన చోటు మాత్రమే కాదు, జనం నిలకడగా బతికిన ఊరిలో భాగమని దీనివల్ల తేలింది. మొక్కల అవశేషాలపై జరిగిన అధ్యయనాలు ఈ జనం అండుకొర్రల వంటి చిరుధాన్యాలు, ఉలవలు, పెసలు పండించారని చూపాయి. ఇటీవలి దశాబ్దాల్లో పీటర్ జొహాన్సెన్ వంటివారు దిబ్బను వ్యర్థాల కుప్పగా కాక, ఉద్దేశపూర్వకంగా పెంచిన స్మారక నిర్మాణంగా చూడాలని ప్రతిపాదించారు.

పంటల సంగతి తెలిశాక అసలు చిక్కు మొదలవుతుంది. మెట్టసేద్యం చేసేవాడికి పేడ ఎరువు. దానిని గుట్టలుగా పోసి కాల్చడం మన దృష్టిలో నష్టం. వారికి పేడను పొలానికి తోలే అలవాటు లేదా, లేక మందల సంపద అంతటిదని నలుగురికీ చూపడమే ప్రధానమా? నాకు రెండోదానివైపే మొగ్గు ఉంది. చదునైన నల్లరేగడి నేలమీద రాత్రివేళ అటువంటి కుప్ప మండితే ఆమడల దూరం కనిపించి ఉంటుంది. ఎవరి మంద ఎంతటిదో చెప్పడానికి మరో సాధనం అక్కరలేదు. అయినా దీనిని నిర్ణయించవలసినది మొగ్గు కాదు. ఏ పొర ఏ వేడికి కాలింది, ఏ ఋతువు గడ్డి అందులో ఉంది, రెండు మంటల మధ్య దొడ్డి ఎంతకాలం వాడుకలో ఉంది అన్న సూక్ష్మ పరిశీలన ఒక్కొక్క దిబ్బలో విడివిడిగా జరగాలి.

దిబ్బల ప్రస్తుత స్థితి

అందుకు దిబ్బలు మిగలాలి. రోడ్ల కోసం, రాతి క్వారీల కోసం, సాగు విస్తరణ కోసం వీటిని తొలిచేస్తున్నారు. పేడబూడిద పంటకు మంచిదని రైతులు బండ్లకెత్తి పొలాల్లో చల్లుకోవడమూ పాత అలవాటే. నవీన శిలాయుగపు మనిషి పొలానికి తోలకుండా కాల్చిన పేడ ఇలా నాలుగువేల ఏళ్ళ తరువాత పొలానికి చేరుతున్నది. ఇందులో రైతును తప్పుపట్టేందుకు ఏమీ లేదు. అతనికి ఆ దిబ్బ రక్షిత స్థలమని చెప్పినవారు లేరు, చాలా దిబ్బలకు ఆ రక్షణా లేదు. కాని బండికెత్తిన బూడిదలో మెత్తని పొర, బెడ్డకట్టిన పొర కలిసిపోతాయి. ప్రయోగశాలకు తీసుకువెళితే అది ఆవుపేడ అని ఇప్పటికీ తెలుస్తుంది. నివురుగా కాలిందా, చిచ్చుగా కాలిందా, ఏది ముందు ఏది వెనుక అన్నది తెలియదు.