కాంట్రాక్టరు వెనుక యజమాని ఎవరు?

విశాఖపట్నం: ఓడరేవు పనుల టెండర్లలో తక్కువ ధర ఒక్కటే అర్హత కాదు. 1933లో ప్రారంభమైన లోపలి నౌకాశ్రయానికి డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న కాలువే దారి. సరకు ఓడలూ, తూర్పు నౌకాదళ యుద్ధనౌకలూ ఆ దారినే వచ్చిపోతాయి. కనుక ఇక్కడ పూడిక తీసేదెవరు, క్రేన్లు అమర్చేదెవరు అన్నవి దేశభద్రతకు సంబంధించిన ప్రశ్నలే.

కేంద్ర ఆర్థిక శాఖ 2020 జులై 23న సాధారణ ఆర్థిక నియమావళిని సవరించింది. భారత్‌తో భూసరిహద్దు గల దేశాల బిడ్డర్లు ముందుగా నమోదు కావాలని, హోం శాఖ నుంచి భద్రతా అనుమతి, విదేశాంగ శాఖ నుంచి రాజకీయ అనుమతి పొందాలని నిర్దేశించింది. ఉక్కు కర్మాగారం వంటి ప్రభుత్వరంగ సంస్థలకూ ఇది వర్తించింది. సవరణలో చైనా పేరు లేదు. గల్వాన్ ఘర్షణ జరిగిన నెలన్నర లోపే వెలువడటంతో ఉద్దేశం ఎవరికీ తెలియకపోలేదు. భారత్ రుణసాయం పొందుతున్న పొరుగు దేశాలకు మినహాయింపు ఇచ్చారు.

కంపెనీ భారత్‌లో నమోదైనంత మాత్రాన సరిపోదు. నేరుగా గానీ, ఇతర కంపెనీల ద్వారా గానీ 25 శాతానికి మించిన వాటా గల అంతిమ యజమాని ఆయా దేశాలకు చెందితే నమోదు తప్పనిసరి. డైరెక్టర్లలో అత్యధికులను నియమించే హక్కున్నా అంతే. నిర్మాణ పనులను నమోదుకాని అటువంటి సంస్థకు సబ్‌కాంట్రాక్టుగా ఇవ్వరాదు. తప్పుడు ధ్రువీకరణ ఇస్తే కాంట్రాక్టు రద్దవుతుంది.

అయితే ఈ నిబంధన భూసరిహద్దును మాత్రమే చూస్తుంది. 2003లో పని మొదలుపెట్టిన విశాఖ కంటైనర్ టెర్మినల్ తొలి భాగస్వాముల్లో దుబాయ్ సంస్థ ఒకటి. అటువంటి పెట్టుబడులు దీని పరిధిలోకి రావు. ఓడరేవుల్లో వాటికి హోం శాఖ భద్రతా పరిశీలన వేరుగా జరుగుతుంది.